ఒకే ఇంటి సాక్ష్యం

కార్డుల మాస్టారు పెద్ద పెద్ద మాటల జోలికి ఎప్పుడూ పోలేదు. నిఘంటువు ఆఫీసులో 'ప' సంపుటం పని పంచుకున్న రోజున పర్వతం, ప్రపంచం, ప్రళయం లాంటి భారీ సరుకంతా తోటివాళ్ళు ఎత్తుకుపోతే, బల్ల మీద మిగిలిన చిన్నాచితకా మాటలు ఏరుకుని ఆయన తన మూలకి తెచ్చుకున్నారు. పిట్ట, పిల్ల, పిడికెడు, పొట్టి ఆర్నెల్లలో తెమిలిపోయాయి. పిసరు దగ్గరికి వచ్చేసరికి బండి దిగబడింది. ఉండీ లేనట్టుండే కాస్తంతకి పేరు ఆ మాట. దానికోసం ఆరేళ్ళు గడిచాయి, ఒక సొరుగు నిండింది, మాస్టారి కళ్ళజోడు రెండుసార్లు మారింది.

ఆయన బాధేమిటంటే, కొద్దితనం చెప్పే మాటలన్నిటికీ కడుపులో ఏదో ఒక వస్తువుంటుంది. ఇసుమంతలో ఇసుక ఉంది. గోరంతలో గోరుంది. ఆవగింజంతలో ఆవగింజ ఉండనే ఉంది, కావాలంటే వేళ్ళతో పట్టుకుని చూడొచ్చు. రవ్వంతని గిల్లితే నిప్పురవ్వో పిండిరవ్వో ఏదో ఒకటి రాలుతుంది. పిసరంతని ఎంత గిల్లినా పిసరే తప్ప ఇంకేమీ రాలదు. అది ఎక్కడ పుట్టిందో, దేన్ని చూసి పుట్టిందో ఆఫీసులో ఎవరూ చెప్పలేకపోయారు. పిండి పిసికాక వేళ్ళకి అంటుకుని మిగిలేదే పిసరేమో అని మాస్టారు ఒక ఊహ చేసి, నాలుగు పేజీల వ్యాసం రాసి, టీకి పిలిచిన ప్రతివాళ్ళకీ చదివి వినిపించారు. తరవాత ఆయన్ని టీకి పిలవడం తగ్గింది. వర్ణక్రమం సంగతి ఇంకో గొడవ. కొందరి నోట్లో అది పిస్రు అవుతుంది కదా, దాన్నీ ఎక్కించాలా వద్దా అని ఒక చలికాలమంతా తల బద్దలు కొట్టుకుని, చివరికి పక్కన చిన్న అక్షరాల్లో పెట్టి ఊపిరి పీల్చుకున్నారు.

ఆ ఆఫీసుకి ఒక పద్ధతుంది. పాత పుస్తకాల్లో ఉన్నంత మాత్రాన ఏ మాటకీ అక్కడ సీటు దొరకదు. బతికున్న మనుషుల నోట్లో ఇంకా తిరుగుతోందనడానికి ముగ్గురు సాక్షులు కావాలి. పిలిచి అడిగితే చెప్పేవాళ్ళు పనికిరారు. తమ పని మీద తాము మాట్లాడుకుంటూ, తెలియకుండా అనేయాలి. విన్నవాళ్ళు ఆ రోజే కార్డు మీద మాట, అది వచ్చిన వాక్యం, సందర్భం, తేదీ, సాక్షి ఎవరన్నదీ రాసుకోవాలి. ముగ్గురు సాక్షులవీ మూడు వేరు వేరు ఇళ్ళై ఉండాలి. ఈ పద్ధతి పెట్టింది ప్రధాన సంపాదకురాలు. సాక్ష్యం లేకపోతే ఆవిడ తన పేరు కూడా తను ఒప్పుకోరని చెప్పుకునేవారు. అందుకని అందరూ చాటుగా ఆవిడని జడ్జిగారు అనేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, పైగా ఇష్టం కూడా.

'ప' సంపుటం శుక్రవారం సాయంత్రం ఐదింటికి మూసేసి ముద్రణకి పంపుతారనగా, సోమవారం పొద్దున జడ్జిగారు మాస్టారిని పిలిపించారు. ఆవిడ ముందు పిసరు కట్ట ఉంది. రబ్బరు బ్యాండు ఇంకా తీయలేదు.

"ఎన్ని కార్డులు మాస్టారూ?"

"నలభై ఒకటి మేడమ్." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మెడ కొంచెం నిటారైంది. ప్రపంచం అన్న మాటకే ముప్ఫై రెండు.

"సాక్షులెంతమంది?"

మాస్టారు కట్ట తన వైపుకి లాక్కోబోయారు.

జడ్జిగారు బ్యాండు తీసి, సాక్షి పేరుండే కింది మూలలు మాత్రం పేకముక్కల్లా చకచకా తిప్పారు. ఇంటావిడ. ఇంటావిడ. ఇంటావిడ. ఇంటావిడ. కట్ట అడుగుదాకా అదే వరస.

"మీరు తెచ్చింది ఒక మాట కాదు మాస్టారూ, ఒక కాపురం," అన్నారు జడ్జిగారు. "ఇల్లు ఒకటే, నోరు ఒకటే. దీన్ని సాక్ష్యమంటారా?"

"ఆవిడ చాలా స్వచ్ఛంగా మాట్లాడుతుంది మేడమ్."

"కాదనలేదు. ఇంకో రెండిళ్ళు చూపించండి. శుక్రవారం ఐదింటికి నేను సొరుగులకి తాళం వేస్తాను. ఆ లోపల కార్డులు రాకపోతే పిసరు ఈ సంపుటంలో ఉండదు."

ఆరేళ్ళ పని ఐదు రోజుల్లోకి వచ్చి పడింది. మాస్టారు గుండె దిటవు చేసుకుని ఇల్లు చేరారు. ఎంత చెడ్డా నలభై రెండో కార్డు ఇంట్లోనే దొరుకుతుందని ఒక ధైర్యం, అది లెక్కలోకి రాకపోయినా సరే.

ఆయన భార్యని వీధంతా టైలరమ్మ అంటుంది. వీధి చివర మందుల షాపుని ఆనుకుని ఎనిమిదడుగుల కొట్టు ఆవిడది. కొత్త బట్టలు కుట్టదు, కొన్నవాటిని మనుషులకి సరిపోయేలా చేస్తుంది. లావెక్కినవాళ్ళని ఒక్క మాట అనకుండా నడుము వదులు చేసి పంపుతుంది. చిక్కినవాళ్ళని మాత్రం ఏమైందని అడుగుతుంది. అట్లా ఇరవై ఏళ్ళుగా ఆ వీధి ఒళ్ళు ఎప్పుడు పెరిగిందో ఎప్పుడు తరిగిందో టేపుతో సహా ఆవిడకి తెలుసు. ఇప్పుడా కొట్టు గోడ పడగొట్టి మందుల షాపు పెంచుకుంటున్నారు. శుక్రవారానికల్లా ఖాళీ చేయాలి. వేరే చోటు దొరకలేదు. ఊరి బయట గార్మెంట్ ఫ్యాక్టరీ వాళ్ళు మిషన్లతో సహా వస్తే పనిస్తామన్నారు. అక్కడ ఈవిడ వరసలో కూర్చుని కాలర్లు కుట్టాలి. పొద్దుట్నుంచి సాయంత్రందాకా కాలర్లే, చొక్కా మొహం కూడా చూడక్కర్లేదు.

సోమవారం సాయంత్రం మాస్టారు వచ్చేసరికి టైలరమ్మ వసారాలో కూర్చుని దారపు ఉండలు రంగుల వారీగా డబ్బాల్లో సర్దుతోంది. వసారాలో ఎందుకంటే ముందు గదిలో కాలు పెట్టే వీలు లేదు. అక్కడ మాస్టారి కార్డు పెట్టెలున్నాయి. అసలు కార్డులు ఆఫీసుకి ఇచ్చేసినా, మళ్ళీ అవే ఇంకో ప్రతి రాసుకుని ఆయన ఇంట్లో దాచుకుంటారు. కిటికీ కింద మూడు వరసలు, గోడ పొడుగునా నాలుగు, మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడిచేంత దారి.

"శుక్రవారం నాలుగింటికి బండొస్తుందండీ," అంది ఆవిడ.

శుక్రవారం అన్న మాట మాత్రం మాస్టారి చెవిలో గంట కొట్టినట్టు మోగింది. "అవును, శుక్రవారమే. ఐదింటికి తాళం వేసేస్తారట," అన్నారు నిట్టూర్చి.

టైలరమ్మ ఆయన వైపు ఒక క్షణం చూసి, నీలం రంగు ఉండలు వేరే డబ్బాలో వేసుకుంది.

మంగళవారం నుంచి మాస్టారు వీధుల్లో పడ్డారు. టీ కొట్టు ముందు నిలబడి, పంచదార ఎంత వేయమంటారని అడిగేదాకా కాచుకున్నారు. "తక్కువా, మామూలా?" అన్నాడు టీ కొట్టాయన. మూడో దారి ఆయన దగ్గర లేదు. వడ్రంగి దగ్గర గంటసేపు రంపపు పొట్టు పీల్చారు. తలుపు చట్రంలో పట్టడం లేదని వడ్రంగి అంచు చిత్రిక పడుతుంటే, ఇప్పుడంటాడు, ఇదిగో ఇప్పుడంటాడు అని మాస్టారు ఊపిరి బిగబట్టారు. "ఇంకో నూలు తీస్తే సరి," అన్నాడు వడ్రంగి. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అంత కచ్చితంగా బతికే మనిషికి పిసరుతో పనేముంది. చివరికి బుధవారం సెలూన్‌కి వెళ్ళి కూర్చున్నారు.

"పక్కల ఇంకా తగ్గించమంటారా సార్?"

"ఎంత తగ్గిస్తావ్?" అన్నారు మాస్టారు ఆశగా.

"లైట్‌గా."

"మరీ అంత వద్దు. ఇంకా తక్కువ."

"అయితే ఇంకాస్త లైట్‌గా."

ఇట్లా నాలుగు విడతలు నడిచింది. మాస్టారు కుర్చీ దిగేసరికి వ్యవహారం గుండుకి అడుగు దూరంలో ఆగింది, కార్డు మాత్రం ఖాళీగానే ఉంది.

"ఎవరితో పందెం కాశారు?" అంది టైలరమ్మ తలుపు తీసి.

ఆ పూట భోజనాల దగ్గర మాస్టారు వల విసిరారు. అడిగి చెప్పించకూడదు, అనిపించాలి. పద్ధతి పద్ధతే.

"కూరలో ఉప్పు తగ్గినట్టుంది కదూ?"

"లేదు."

"ఎక్కువైందేమో మరి?"

"లేదు."

"అయితే ఎంతున్నట్టు?"

"సరిపోయింది. తినండి."

అప్పుడు తట్టింది ఆయనకి. ఈవిడ ఆ మాట అని చాలా రోజులైంది. చెయ్యి కడుక్కుని ముందు గదిలోకి పక్కకి తిరిగి నడిచి చూసుకున్నారు. ఆఖరి కార్డు రాసి పదమూడు రోజులైంది. పెళ్ళైన నాటి నుంచీ కొత్త ప్రయోగం అనిపించినప్పుడే కార్డు రాసేవారు కానీ, ఆ మాట మాత్రం రోజూ చెవిన పడుతూనే ఉండేది. పందొమ్మిదేళ్ళలో ఇంత ఎడం ఎప్పుడూ రాలేదు. మాస్టారికి నిజంగా దిగులు పట్టుకుంది. ఇంట్లో, కళ్ళ ముందే, ఒక మాట చచ్చిపోతోందని బాధపడ్డారు. ఆ మాట అనే మనిషికి ఏమైందో అని మాత్రం తోచలేదు. తెలివైనవాళ్ళకి కొన్ని చిన్న విషయాలు తోచవు, ఏం చేస్తాం.

గురువారం మరదలు వచ్చింది. సిటీ బస్సులో కండక్టరు. అక్క కొట్టు సర్దడానికి సెలవు పెట్టుకుని, ఒక చేత్తో ఇనప కుర్చీ, ఇంకో చేత్తో ఇస్త్రీపెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి, బావగారు దారికి అడ్డంగా నిలబడి ఏదో ఆలోచిస్తున్నారు.

"బావా, పిసరంత జరుగు. దిగేవాళ్ళున్నారు."

మాస్టారు జరగలేదు. ఆయన మొహం వెలిగిపోయింది, చెయ్యి జేబులోకి పోయింది. జేబంటే మామూలు జేబు కాదు, కార్డు కొలతకి టైలరమ్మ కుట్టిపెట్టింది.

"సందర్భం... దారి అడగడం. సాక్షి... మరదలు. ఇల్లు వేరు," అని గొణుక్కుంటూ అక్కడే గోడకి ఆనించి రాసుకున్నారు.

ఇస్త్రీపెట్టెతో నిలబడ్డ మరదలు అదంతా ఓపిగ్గా చూసింది. బస్సులో రకరకాల మనుషుల్ని చూసిన ఓపిక అది.

"బావా, ఒకటి అడుగుతా. అక్క ఎల్లుండి నుంచి ఎక్కడికి వెళ్తోందో నీకు చెప్పిందా?"

"చెప్పింది."

"ఏమని చెప్పింది?"

మాస్టారు గుర్తు చేసుకోబోయారు. ఆయన జ్ఞాపకం మీద ఆఫీసులో పందేలు కాస్తారు. ఏ మాట ఎవరు ఎప్పుడన్నారో కార్డు చూడకుండా చెప్పగలరు. భార్య అన్న వాక్యం కూడా గుర్తుంది, అందులో పిసరు ఎక్కడ వచ్చిందో గుర్తుంది, దాని పక్కన ఏ మాటుందో గుర్తుంది. సంగతేమిటన్నది గుర్తు రాలేదు.

"నా బస్సులో ఇట్లాంటివాళ్ళుంటారు," అంది మరదలు. "టికెట్టు జాగ్రత్తగా పట్టుకుని కూర్చుంటారు. దిగాల్సిన స్టాపు మాత్రం వదిలేస్తారు." ఆయన్ని మోచేత్తో పక్కకి జరిపి లోపలికి పోయింది.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి మాస్టారు జడ్జిగారి బల్ల ముందు నిలబడ్డారు. చేతిలో నలభై రెండు కార్డులు. ఇళ్ళు రెండు.

"ఇంకొకటి తక్కువైంది," అన్నారు జడ్జిగారు.

"ఐదింటిదాకా టైముంది మేడమ్. ఈలోగా ఇవి సరైనవో కాదో మీరు ఒకసారి చూస్తే..."

ఆవిడ కళ్ళజోడు సర్దుకున్నారు. మాస్టారు కార్డుల్ని వ్యాకరణం ప్రకారం పేర్చారు. పిసరంత ఒక చోట, పిసరైనా ఒక చోట, ఒట్టి పిసరు ఇంకో చోట. జడ్జిగారు ఆ కట్టలన్నీ కలిపేసి, తేదీల వారీగా వరసలో పెట్టుకోవడం మొదలుపెట్టారు. మాట వయసు తెలియాలంటే తేదీలే చూడాలని ఆవిడ నమ్మకం. మాస్టారు వాటిని ఎప్పుడూ అట్లా పేర్చి చూడలేదు. ఆవిడ పైకి చదవసాగారు, తీర్పు చదివే గొంతుతో.

"'పిసరంత జరిగి కూర్చోండి, మీ పక్కన నేనూ కూర్చుంటా.' సందర్భం, పెళ్ళైన కొత్త. బాగుంది. 'కూరలో పిసరు ఉప్పు తగ్గింది, మీరు చెప్తారేమోనని చూస్తున్నా.' చెప్పారా?"

"మేడమ్?"

"ఉప్పు తగ్గిందని చెప్పారా?"

"అది... జవాబు రాసే పద్ధతి లేదు కదా మేడమ్, కార్డు మీద."

జడ్జిగారు ఆయన్ని కళ్ళజోడు మీంచి చూసి, తరవాతది తీశారు. "'ఒంట్లో పిసరంత ఓపిక కూడా లేదండీ ఇవాళ.' సందర్భం, జ్వరం. పక్కన మీ చేతిరాతతో, 'కూడా చేరిన వ్యతిరేక ప్రయోగం, గమనించదగ్గది.' మాత్ర తెచ్చిచ్చారా, ప్రయోగం గమనించి ఊరుకున్నారా?"

మాస్టారికి ఆ జ్వరం గుర్తు రాలేదు. ప్రయోగం గుర్తొచ్చింది.

"'ఆ పెట్టెలు పిసరంత వెనక్కి జరిపితే ఇక్కడ నా మిషను పడుతుంది.' పద్నాలుగేళ్ళ కిందటిది. 'కిటికీ పక్కన పిసరంత చోటు చాలండీ, వెలుతురుంటుంది.' ఇది పదకొండేళ్ళ కిందటిది. 'ఈ ఏడాదైనా పిసరంత చోటు చూడండి, ఆ కొట్లో వాన పడితే బట్టలన్నీ తడుస్తున్నాయి.' తొమ్మిదేళ్ళు." ఆవిడ గొంతులో తీర్పు స్వరం ఎప్పుడు పోయిందో పోయింది. మెల్లగా చదువుతున్నారు. "'నేను చెప్పేది పిసరైనా వింటున్నారా?' పక్కన మీరు రాసింది, 'ప్రశ్నలో ప్రయోగం, అరుదు, చాలా బాగుంది.'"

గదిలో ఇంకెవరూ లేరు. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో నిలబడ్డట్టు నిలబడ్డారు. ఆ వాక్యాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. అవి ఒకరి గొంతులో వరసగా వినడం ఇదే మొదలు, ఆ గొంతు కూడా పరాయిది.

జడ్జిగారు ఇంటావిడ కార్డుల్లో ఆఖరిది తీశారు. "ఇది పదిహేను రోజుల కిందటిది. 'కొట్టు పోతోందండీ. ముందు గదిలో పిసరు చోటిస్తే ఇక్కడే బతుకుతా, లేదంటే ఫ్యాక్టరీకి పోయి కాలర్లు కుట్టుకోవాలి.' పక్కన..." ఆవిడ ఆగారు. పక్కన రాసింది మాత్రం పైకి చదవలేదు. కార్డు తిప్పి ఆయన ముందు పెట్టారు.

పక్కన మాస్టారి చేతిరాత ఉంది, ముత్యాల్లాంటి అక్షరాలు. 'పిసరు, చోటు మధ్య అంత అనే మాట లేదు. అమూల్యం.'

"పిసరంత సిగ్గుండాలి మాస్టారూ మనిషికి," అన్నారు జడ్జిగారు.

కోపంగా అనలేదు. బాధ పడి, తనకి తెలియకుండా అనేశారు. అన్న తరవాత ఆవిడకే తెలిసింది. మూడో ఇల్లు, మూడో నోరు, అడగని సాక్ష్యం. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"రాసుకోండి," అన్నారు ఆవిడ, కాస్త ఇబ్బందిగా. "పద్ధతి ప్రకారం సరిపోయింది. నా మాట నేను రాయకూడదు. సందర్భం మీ ఇష్టం వచ్చినట్టు రాసుకోండి, నేనేమీ అనుకోను. అచ్చు ప్రతిలో ఎక్కడ పడుతుందో చూసి, మొత్తం ఐదింటిలోపు ఇచ్చేద్దాం. గంటన్నర కూర్చుంటే అయిపోతుంది."

గోడ గడియారం మూడున్నర దాటింది. నాలుగింటికి బండొస్తుందండీ అని సోమవారం ఎవరో అన్నారు. వసారాలో కూర్చుని, దారపు ఉండలు సర్దుతూ.

"నేను ఇంటికెళ్ళాలి మేడమ్," అన్నారు మాస్టారు.

"ఐదింటికి తాళం వేసేస్తాను. ఎవరికోసమూ ఆపను, మీకు తెలుసు."

"వేసెయ్యండి."

ఆయన కార్డులు అక్కడే వదిలి మెట్లు దిగారు. ఇరవై ఏళ్ళలో ఆయన పరిగెత్తడం ఆఫీసు ఎప్పుడూ చూడలేదు. చూసినవాళ్ళు ఏదో ప్రమాదమనుకున్నారు. పరిగెత్తుతున్నంతసేపూ ఒకటే భయం. ఇంతకాలం అడిగిన మనిషి ఇక అడగడం మానేసిందని ఇప్పుడు అర్థమైంది. ఆ పదమూడు, ఇవాళ్టికి పదిహేనైన రోజుల మౌనం మాటది కాదు, మనిషిది.

కొట్టు ముందు బండి ఉంది. ఒక మిషను అప్పటికే ఎక్కించి తాడు బిగించారు. పాత ఇనప కాళ్ళ మిషను ఇంకా కింద ఉంది. బండివాడు తాడు కొస నోట పట్టుకుని ముడి వేస్తున్నాడు. మరదలు లోపల గోడకున్న మేకులు పీకుతోంది. ఖాళీ కొట్టు మధ్యలో నిలబడి టైలరమ్మ నేల మీద పడ్డ గుండుసూదులు అయస్కాంతంతో ఏరుతోంది.

"గది ఖాళీ చేస్తాను," అన్నారు మాస్టారు ఆయాసపడుతూ.

ఆవిడ తల ఎత్తలేదు. "ఏ గది?"

"ముందు గది."

"ఎప్పుడు?"

"ఇప్పుడు. బండి ఇంటికి తిప్పమను."

"కార్డులేం చేస్తారు?"

"మంచం కింద పెడతా. మేడ మెట్ల కింద పెడతా. పట్టకపోతే ఆఫీసులో పారేస్తా, అసలువి అక్కడున్నాయి. నకళ్ళే కదా ఇవి."

మేకులు పీకడం ఆగింది. మరదలు సుత్తి పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

టైలరమ్మ అయస్కాంతానికి అంటుకున్న సూదులు ఒక్కొక్కటీ తీసి డబ్బాలో వేసింది. తొందరేమీ లేదు ఆవిడకి. అన్నీ వేశాక మూత పెట్టి, అప్పుడు చూసింది ఆయన వైపు.

"ఎన్నేళ్ళుగానో అడిగా. ఊఁ అన్నారు. ప్రతిసారీ ఊఁ అన్నారు. రేపు పొద్దున ఏడింటికి రమ్మని ఫ్యాక్టరీలో నా పేరు రాసుకున్నారు. ఇవాళే ఎందుకు గుర్తొచ్చింది?"

మాస్టారి దగ్గర మాటలకి కొదవలేదు. మర్చిపోయానని చెప్పొచ్చు, పని ఒత్తిడి అనొచ్చు. ఉన్నదే చెప్పారు.

"ఇవాళ ఆఫీసులో కార్డులు చదివారు. నువ్వన్నవి, మొదట్నుంచీ."

"రాసింది మీరే కదండీ."

"రాశాను," అన్నారు ఆయన. "వినలేదు."

మరదలు అక్క మొహం చూసి సుత్తి కింద పెట్టింది. బండివాడు ముడి సగంలో ఆపి, ఇంతకీ ఎటు వెళ్ళాలన్నట్టు అందర్నీ వరసగా చూశాడు. టైలరమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటిని తుడుచుకోలేదు, దాచుకోలేదు కూడా.

"కిటికీ పక్కన నాది," అంది చివరికి. "గోడ పొడుగునా బట్టలు తగిలించే కడ్డీ వస్తుంది. మీకు చోటు మిగిలితే మిగులుతుంది, లేకపోతే లేదు."

"లేకపోయినా సరే."

"ఊఁ అంటున్నారా, వింటున్నారా?"

"కిటికీ నీది. గోడకి కడ్డీ. నాకు మిగిలితే మిగిలినట్టు."

ఆవిడ బండివాడి వైపు తిరిగింది. "అటు కాదు నాయనా. ఇటు తిప్పు, వెనక నాలుగో ఇల్లు."

ఐదింటికి ఆఫీసులో తాళం పడింది. 'ప' సంపుటం పిసరు లేకుండానే అచ్చుకి పోయింది. ఆ వేళకి మాస్టారు ఇంట్లో చొక్కా చేతులు మడిచి, అడుగున ఉన్న పెట్టెల్ని ఒక్కొక్కటే మెట్ల కిందికి ఈడుస్తున్నారు. మరదలు పైనుంచి అందిస్తూ, పిడికెడు అని రాసుంది కానీ బరువుగానే ఉంది బావా, పట్టుకో అంటోంది. దుమ్ముకి అందరూ తుమ్ముతున్నారు. పెట్టెలన్నీ పోయాక ఆ గదికి అంత పెద్ద కిటికీ ఉందని మాస్టారికి కొత్తగా తెలిసింది.

చివర్లో ఇనప కాళ్ళ మిషను మిగిలింది. చక్రం వైపు టైలరమ్మ పట్టుకుంది, రెండో వైపు మాస్టారు. ఆయన వెనక్కి నడుస్తున్నారు, మిషను బరువుకి నడుము వంగిపోయింది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మెల్లగా ఏదో అంది.

మాస్టారు ఆగారు. మిషను కింద పెట్టకుండానే, అట్లాగే మోస్తూ అడిగారు.

"ఏమన్నావు?"

టైలరమ్మ ఆయన్ని చూసింది. ఆయన ఇంకా ఆగే ఉన్నారు.

"వెనక గడప ఉంది, చూసుకోండి అన్నా," అని మళ్ళీ చెప్పింది.